బ్లైండు ఆడేవాడి ఎదుట



రేడియోలో పేకాట గురించి ప్రసంగమా అని మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. నన్ను పిలిచినవారితో నేనూ అదే మాట అన్నాను. రాయగడలో ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇప్పుడు పేకాట పాఠం చెప్పమంటారా అన్నాను. "ఆటలో ఉన్న లెక్క చెప్పండి మాస్టారూ, అదే చాలు" అన్నారు. ఆలోచించి చూస్తే నాకూ చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. అది చాలా ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అందుకని ఒప్పుకున్నాను.

మన వైపు పేకాట లేని పండగ ఏదో చెప్పండి. కోరాపుట్, జయపురం, సునాబెడ, రాయగడ, గుణుపురం - ఎక్కడైనా సరే, నలుగురు తెలుగువాళ్లు ఉన్న వీధిలో దీపావళి రాత్రి దీపాలు కొండెక్కాక ఒక అరుగు మీద దుప్పటి పరుచుకుంటుంది. సంక్రాంతికైతే కోడిపందెం ఒక పక్క, పేక ఒక పక్క. మన ఒడియా సోదరులకు కుమార పూర్ణిమ రాత్రి జాగరణ ఉంది. ఆ రాత్రి మేలుకుని ఉండటానికి వాళ్లు పేక, పాచికలు ఆడతారు. అసలు ఈ రాష్ట్రానికి సొంత పేక కూడా ఉంది. గంజప అంటారు. గుండ్రటి ముక్కలు, గుడ్డ మీద జిగురు పట్టించి చేత్తో బొమ్మలు వేస్తారు. పూరీ దగ్గర రఘురాజపురంలో చిత్రకారులు ఇప్పటికీ చేస్తున్నారు. ఎనిమిది రంగుల గంజపలో 96 ముక్కలు. ఏ ముక్క పడిపోయింది, ఏది ఇంకా ఉంది అని గుర్తుపెట్టుకునేవాడిదే ఆ ఆట. జ్ఞాపకశక్తి లేనివాడు దాని జోలికి వెళ్లడు.

నేను చెప్పబోయేది గంజప గురించి కాదు, రమ్మీ గురించీ కాదు. మూడు ముక్కలాట. పైగా అందులో ఒక రకం మనిషి గురించి. ప్రతి అరుగు మీదా ఒకడు ఉంటాడు. ముక్కలు చూడడు. చూడకుండానే డబ్బు విసురుతాడు. పక్కవాడు ఐదు పెడితే పది, పది పెడితే ఇరవై. గెలిస్తే ముక్కలు తిప్పి చూపించి నవ్వుతాడు. ఓడితే మరింత గట్టిగా నవ్వుతాడు. ఇలాంటివాడు ప్రపంచంలో అన్నిచోట్లా ఉన్నాడు. అమెరికావాళ్లు పోకర్ అనే ఆట ఆడతారు. అది మన మూడు ముక్కలాటకు దాయాది వరస. వాళ్లలో ఇలాంటివాడికి మేనియాక్ అని పేరు. పిచ్చెత్తినవాడు అని అర్థం.

అయితే నిజంగా పిచ్చివాడా? అక్కడే ఉంది చిక్కు.

ముందుగా ఒక మాట మనవి చేయాలి. డబ్బు పెట్టి ఆడటం చట్టానికి విరుద్ధం. మన ఒడిశాలో 1955 నాటి జూద నివారణ చట్టం ఉంది. సరిహద్దు దాటి పార్వతీపురం వెళ్తే అక్కడ 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. 1963లో సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నేర్పుదే పైచేయి అన్నది కోర్టు. అదే తీర్పులో మూడు ముక్కలాటను వేరుగా పెట్టింది. అది కేవలం అదృష్టం మీద నడిచే ఆట అన్నది. మన క్లబ్బుల్లోవాళ్లు ఈ తీర్పులో మొదటి సగమే చెబుతారు, రెండో సగం దాచేస్తారు.

కోర్టువారి మాటను కాదనే ధైర్యం నాకు లేదు. ముక్కలు రావడం ముమ్మాటికీ అదృష్టమే. కాని వచ్చిన ముక్కల మీద ఎంత పెట్టాలి, ఎప్పుడు పడేయాలి అన్నది మనిషి చేతిలో ఉంది. దూకుడుగా ఆడేవాడు పట్టు బిగించేది సరిగ్గా అక్కడే.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. తలా మూడు ముక్కలు పంచుతారు. అందరూ మధ్యలో కొంత సొమ్ము పెడతారు. తర్వాత వరసగా ఒక్కొక్కరూ పందెం కాస్తూ పోవాలి, లేదా ముక్కలు పడేయాలి. ముక్కలు చూడకుండా ఆడితే బ్లైండు. చూసి ఆడితే బ్లైండు వాడు పెట్టినదానికి రెట్టింపు పెట్టాలి. చివరికి ఇద్దరు మిగిలితే ఎవరో ఒకరు షో అడుగుతారు, ముక్కలు తిప్పుతారు. చాలాచోట్ల ఇంకో కట్టుబాటు ఉంది. చూసినవాడు బ్లైండు వాణ్ణి షో అడగకూడదు. బ్లైండు వాడు తనంతట తాను ముక్కలు చూసేదాకా, లేదా తానే షో అడిగేదాకా, చూసినవాడు రెట్టింపు పెడుతూ పోవాలి. లేదంటే పడేసి లేవాలి.

గమనించారా? వాడు పది పెడితే మీరు ఇరవై. ఆపమనే హక్కు మీకు లేదు. అంటే ఆట కట్టుబాటే దూకుడుగాడి పక్కన నిలబడింది. వాడికి పిచ్చి అనుకున్నవాడే పిచ్చివాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 విధాలుగా రావచ్చు. వాటిలో మూడు రాజులు, మూడు పదులు వంటివి 52 మాత్రమే. ఒకే రంగులో వరస 48. రంగు కలవని వరస 720. వరస లేకుండా మూడూ ఒకే రంగువి, మనవాళ్లు కలరు అంటారే, అవి 1,096. జత ఉన్నవి 3,744. ఇవన్నీ పోగా మిగిలినవి 16,440. వీటిలో ఏమీ లేదు, పెద్ద ముక్క ఏదో చూసుకోవడమే. అంటే ఎవరి చేతిలోనైనా నూటికి 74 సార్లు చెత్తే ఉంటుంది. దూకుడుగాడి చేతిలోనూ అంతే. దేవుడు వాడికని వేరే పేక పంచడు.

ఈ మాట వినగానే చాలామందికి హుషారు పుడుతుంది. వాడి దగ్గర నాలుగింట మూడు సార్లు ఏమీ లేదు కదా, మనకు ఒక ఆసు ఉంటే చాలదా, ఎదురు కొట్టేద్దాం అనుకుంటారు. చాలదు. జతా వరసా లేకుండా ఆసు ఒక్కటే పెద్ద ముక్కగా ఉన్న చెయ్యి, చూడని చేతి మీద కనీసం నూటికి 57 సార్లు గెలుస్తుంది. సగానికి పైనే. కాని మీరు ఇరవై పెట్టిన చోట వాడు పది పెడుతున్నాడు. మూడు ఆటల్లో రెండు గెలిస్తే పదీ పదీ ఇరవై వస్తుంది. ఒకటి ఓడితే ఇరవై పోతుంది. చెల్లుకు చెల్లు. మధ్యలో మొదట వేసిన సొమ్ము కాస్త కలిసివస్తుంది, నిజమే, కాని దాన్ని పక్కన పెడదాం. మూడింట రెండు వంతులు, అంటే నూటికి 67 సార్లు గెలవగల చెయ్యి ఉంటేనే వాడితో నిలబడి ప్రయోజనం. ఒంటి ఆసుతో ఎదురెళ్లినవాడు సగానికి పైగా ఆటలు గెలుస్తూనే జేబు ఖాళీ చేసుకుని ఇంటికి వెళ్తాడు. ఎలా పోయిందో వాడికి తెలియదు. అదృష్టం బాగాలేదంటాడు.

జత ఉంటే సంగతి వేరు. రెండ్ల జతైనా సరే, చూడని చేతి మీద నూటికి 74 సార్లకు తక్కువ కాకుండా గెలుస్తుంది. కాబట్టి జత వచ్చేదాకా కూర్చోవాలి. జతో అంతకు మించినదో నాలుగు ఆటలకు ఒకసారి వస్తుంది. మిగతా మూడు ఆటలూ మొదట వేసిన సొమ్ము వదులుకుని, ముక్కలు పడేసి, వాడి నవ్వు వింటూ కూర్చోవాలి. చెప్పినంత తేలిక కాదు. వచ్చినప్పుడు కూడా పెంచకూడదు. వాడు పెట్టినదానికి సరిపడా పెట్టి ఊరుకోవాలి. పెంచే పని వాడే చేస్తున్నాడు కదా, మన పని కూడా వాడే చేసిపెడుతున్నాడు. ఇక వాణ్ణి బెదిరించబోవడం శుద్ధ దండగ. మన ముఖం చూసి భయపడాలంటే ముందు వాడికి తన ముక్కలేమిటో తెలియాలి. తనవే చూసుకోనివాడు మనల్నేం చూస్తాడు?

ఇద్దరు దూకుడుగాళ్లు కూర్చున్న చోట ఈ లెక్క కూడా తిరగబడుతుంది. ఆ రెండ్ల జత ఒకడి మీద నూటికి 74 అయితే, ఇద్దరి మీదా కలిపి సుమారు 55. ముగ్గురైతే 41. అలాంటి అరుగు దిగిపోవడమే మంచిది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. దూకుడు నటించేవాడు ఒకడుంటాడు. మొదటి గంటలో నాలుగు బ్లైండులు విసిరి, నవ్వి, పేరు తెచ్చుకుంటాడు. ఆ తర్వాత ముక్కలు మెల్లగా చూసుకుని, మంచివి వచ్చినప్పుడే పాత నవ్వుతో విసురుతాడు. వాడు మేనియాక్ కాదు, మనకంటే పెద్ద లెక్కల మాస్టారు. అందుకే మొదటి గంట ఆడటం కంటే చూడటం మేలు. ఎవడు ఏ ముక్కల మీద ఎంత పెట్టాడో, షో పడిన ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే పెద్ద లెక్క జేబుది. ఫ్రాన్సు దేశంలో 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు గణిత పండితులు జూదగాళ్ల పందేల గురించి ఉత్తరాలు రాసుకున్నారు. మన పిల్లలు చదివే సంభావ్యతా శాస్త్రం ఆ ఉత్తరాల నుంచి పెరిగిందే. అందులోనే తర్వాత తేలిన ఒక ఫలితం ఉంది. ఇద్దరికీ సమానమైన ఆటే అనుకోండి, రూపాయికి రూపాయి పందెం. ఒకడి దగ్గర 300, ఇంకొకడి దగ్గర 3,000. ఎవరో ఒకరి జేబు ఖాళీ అయ్యేదాకా ఆడాలని పట్టుపడితే, 300 వాడు 3,000 వాణ్ణి ఖాళీ చేసే అవకాశం పదకొండింట ఒకటి. మిగతా పది సార్లు వాడే ఖాళీ. మోసం ఏమీ లేదు. ముక్కలన్నీ న్యాయంగానే పడ్డాయి. పెద్ద జేబు నాలుగు దెబ్బలు తిని కూర్చోగలదు, చిన్న జేబు కూర్చోలేదు. అంతే తేడా.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. భారతంలో శకునిని మోసగాడు అంటాం, నిజమే. కాని పందేలు ఎవరు పెంచుకుంటూ పోయారు? ధర్మరాజు. ధనం, రథాలు, రాజ్యం, తమ్ములు, తాను, చివరికి ద్రౌపది. ప్రతి ఓటమికీ పందెం పెంచాడు. ఎంతో నెమ్మదస్తుడు, లెక్క తెలిసినవాడు, పిలిస్తే కాదనకూడదన్న పట్టుదల ఒక్కటే ఆయన్ని దూకుడుగాడిగా మార్చేసింది. ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చేశాక రెండోసారి పిలిచారు. మళ్లీ వెళ్లాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం. నేను లెక్కలు చెప్పిన పిల్లల్లో ఒకడు అడిగాడు, "రెండోసారి ఎందుకెళ్లాడు మాస్టారూ?" అని. నా దగ్గర జవాబు లేదు. పేకాట అరుగు మీద మాత్రం ఆ జవాబు చాలాసార్లు చూశాను. దాన్ని రోషం అంటారు.

అరణ్యపర్వంలో అదే ధర్మరాజుకు బృహదశ్వుడు నలుడి కథ చెప్పాడు. నలుడు పుష్కరుడితో ఆడి సర్వం పోగొట్టుకున్నాడు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలాడు. ఒకరోజు దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టును చూసి, ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని రథం మీద నుంచే చెప్పాడు. నలుడు చెట్టు నరికి లెక్కపెట్టాడు. సరిపోయింది. ఆ లెక్క విద్యే అక్షహృదయం. దానికి బదులుగా తన గుర్రాల విద్య ఇచ్చి నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి పుష్కరుణ్ణి ఒక్క ఆటలో గెలిచాడు. కథ అక్కడితో ఆగదు. గెలిచాక పుష్కరుడి సొత్తు పుష్కరుడికి ఇచ్చి, తమ్ముడిగా ఆదరించి పంపాడు. ఈ చివరి భాగం నేను చిన్నప్పుడు చదివి మరిచిపోయాను. మళ్లీ గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.

ఆ సంగతి ఇప్పుడు చెబుతాను.

1993లో దీపావళి నవంబరు 13న, శనివారం వచ్చింది. కోరాపుట్-రాయగడ రైలు మార్గం అప్పటికింకా వేస్తున్నారు. 1998 చివరికి గాని అది పూర్తి కాలేదు. ఆ కొండలు తొలిచి, లోయలకు వంతెనలు కట్టే పనిలో పెద్ద కాంట్రాక్టర్ల కింద చిన్న కాంట్రాక్టర్లు, వాళ్ల కింద మేస్త్రీలు ఉండేవారు. రాయగడ వీధుల్లో కొత్త మనుషులు, కొత్త డబ్బు. ఆ రాత్రి మా వీధి చివర అరుగు మీద ఐదుగురం కూర్చున్నాం. అందులో ఒకడు మట్టి పని చేయించే చిన్న కాంట్రాక్టరు. విజయనగరం వైపు కుర్రాడు, ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. నన్ను మాస్టారూ అనే పిలిచేవాడు, మర్యాద తెలిసినవాడే. పేక పట్టుకుంటే మాత్రం వేరే మనిషి.

బ్లైండు, బ్లైండు, బ్లైండు. ఐదు, పది, ఇరవై. నా దగ్గర ఉన్నది 300. మొదటి గంట ముక్కలు పడేస్తూ కూర్చున్నాను. ఒకసారి అందరి చేతా పడేయించి, తన ముక్కలు తిప్పి చూపించాడు. రెండు, ఏడు, తొమ్మిది.

"ఏటి మాస్టారూ, దీనికేనేటి మీరు బయపడిపోనారు?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పక్కన కూర్చున్న కొట్టు గుమాస్తా మాత్రం నవ్వలేదు. అతను పడేసిన ముక్కల్లో రాణుల జత ఉందట. తర్వాతి ఆట నుంచి అతనూ బ్లైండు మొదలెట్టాడు. గంటలో అతని జేబు ఖాళీ. బోనస్ డబ్బనుకుంటాను. చెప్పులు వేసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

పదకొండు దాటాక నాకు పదుల జత వచ్చింది. మిగతా వాళ్లు పడేశారు, మేమిద్దరం మిగిలాం. వాడు చూడలేదు. నేను చూశాను. వాడికి సగం, నాకు రెట్టింపు. నా 300లో 240 మధ్యలోకి వెళ్లిపోయాయి. ఇంకా వాడు చూడడు, షో అడగడు. ముక్కలు పట్టుకున్న నా చెయ్యి వణకడం నాకే కనిపించింది. ఇంకో రెండు విసుర్లు విసిరితే నేను లేచిపోవాల్సిందే. లెక్క నా వైపు ఉన్నా జేబు నా వైపు లేదు. ఎందుకో వాడికి విసుగు పుట్టి షో అన్నాడు. రాజు, ఆరు, నాలుగు.

ఇంతసేపూ నేను చెప్పిన లెక్కలన్నీ ఆ క్షణంలో ఒక విసుగు మీద వేలాడాయి. ఆ మాట దాచకుండా చెప్పాలి.

అక్కడి నుంచి వాడు మారిపోయాడు. నవ్వు తగ్గింది. పోయినదాన్ని ఒక్క ఆటలో రాబట్టాలని పందెం పెంచాడు. రెండు గంటల వేళ నాకు కలరు వచ్చింది, అన్నీ ఇస్పేట్లు. ఈసారి వాడు ముక్కలు చూశాడు. చూసి, చొక్కా లోపలి జేబులోంచి ఒక కవరు తీశాడు. ఖాకీ రంగు కవరు. దాని మీద పెన్సిలుతో వరసగా ఏవో పేర్లు, పేర్ల పక్కన అంకెలు. మూత చింపి నోట్లు మధ్యలో పెట్టాడు. నాకు ఆ పేర్లు కనిపించాయి. లెక్కల మాస్టార్ని, అంకెలు చూస్తే అవేమిటో తెలియదా? తెలుసు. అది ఆదివారం బట్వాడా డబ్బు. పండగ కాబట్టి శనివారం ఇవ్వలేదు. ఆ డబ్బు వెనక్కి పెట్టుకో నాయనా అనడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. అనలేదు. పందెం కాశాను.

వాడిది రాజుల జత. నాది కలరు.

ఆ రాత్రి ఇంటికి తెచ్చింది 1,900 రూపాయలు. దూకుడుగాణ్ణి ఎలా ఎదుర్కోవాలో నాకు తెలుసని రెండు రోజులు లోలోపల పొంగిపోయాను. మూడో రోజు టీ బడ్డీ దగ్గర ఆ కుర్రాడి మేస్త్రీ కనిపించాడు. "బాబు అప్పు తెస్తానని ఊరెళ్లాడండి, రాలేదు. కూలోళ్లు ఆదివారం పొద్దుపోయేదాకా లైను పక్కనే కూకున్నారు. ఆనక ఎల్లిపోయారు" అన్నాడు. ఎంతమంది అని అడిగాను. పదకొండు మంది, ఆరు రోజులు, రోజుకు పాతిక. 1,650. నారాయణపట్నం వైపు కొండ ఊళ్లవాళ్లు.

మేస్త్రీని వెంటబెట్టుకుని బస్సులో కాకిరిగుమ్మ సంతకు వెళ్లాను. అక్కడ నలుగురు దొరికారు. మరుసటి వారం లక్ష్మీపురంలో ముగ్గురు. మనిషికి 150 చేతిలో పెట్టాను. ఒకామె నన్ను చూపించి మేస్త్రీని తమ భాషలో ఏదో అడిగింది. ఏమంటోంది అన్నాను. "మీరెవరని అడుగుతోందండి. బాబు పంపిన మాస్టారని చెప్పాను" అన్నాడు. నేను దిద్దలేదు. మిగిలిన నలుగురూ దొరకలేదు. ఆ తర్వాత మేస్త్రీ కూడా వేరే పనికి వెళ్లిపోయాడు. కాంట్రాక్టరు కుర్రాణ్ణి మళ్లీ చూడలేదు. కొట్టు గుమాస్తా మాత్రం తర్వాతి దీపావళికి కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడట. నేను వెళ్లలేదు కాబట్టి ఎవరో చెప్తే తెలిసింది.

ఈ మధ్య మా వీధిలో కుర్రాళ్లకు అరుగు అక్కర్లేకపోయింది. ఫోనులోనే పేక. ఎదుట కూర్చున్నవాడి ముఖం లేదు, కవరు లేదు, దాని మీద పేర్లు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మా పక్కింటి కుర్రాడు ఒకడు అంతకుముందు నన్ను అడిగేవాడు, "తాతగారూ, ఎప్పుడూ రెయిజ్ చేసేవాడు తగిలితే ఏం చేయాలి?" అని. ఇందాక మీకు చెప్పిన లెక్కే వాడికీ చెప్పాను. జత వచ్చేదాకా కూర్చో, పెంచకు, నీ జేబూ వాడి జేబూ చూసుకో అన్నాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత, ఆ డబ్బు ఎవరిదో కనుక్కోమన్నాను. ఫోనులో అది ఎలా తెలుస్తుంది తాతగారూ అన్నాడు.

ఆ నలుగురికి ఇవ్వవలసిన 600 నా దగ్గరే ఉండిపోయాయి. మజ్జిగౌరమ్మ హుండీలో వేసెయ్యమని మా ఆవిడ చాలాసార్లు అంది. నా డబ్బయితే వేసేవాణ్ణే. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో వాడిన లాగరిథమ్ పట్టికల పుస్తకం ఒకటి ఉంది, అందులో పెట్టాను. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దు చేశారని వినగానే లేచి వెళ్లి ఆ పుస్తకం తీసి చూశాను. ఆరూ వంద నోట్లే. రద్దయినవి 500, 1,000 మాత్రమే. మళ్లీ అందులోనే పెట్టేశాను.